పొయ్యి, బిందె, గుంత: పల్లెటూరి ఇంట్లో పొగ, నీళ్ళు, మరుగుదొడ్డి ఏ వరసలో బాగుచేసుకోవాలి

ఊర్లో ఎవరికైనా నాలుగు డబ్బులు చేతికొస్తే ముందు టైల్స్ వేయిస్తారు, లేదా గేటు పెట్టిస్తారు. తప్పని నేను అనను కానీ, అందులో సగం కూడా పెట్టకుండా ఇంట్లో దగ్గులు, విరేచనాలు తగ్గించే పనులు చాలా ఉన్నాయి. మన దగ్గర చిక్కేంటంటే పొగ, నీళ్ళు, మరుగుదొడ్డి ఈ మూడింటినీ దేనికది విడిగా చెప్తారు. ఆశా అక్క వచ్చి నీళ్ళు కాచి తాగమంటుంది, సరే అని ఆ అమ్మ కట్టెల పొయ్యి ముందు ఇంకో గంట ఊదుకుంటూ కూర్చుంటుంది. ఇంకెవరో వచ్చి దొడ్డి కట్టుకోమంటారు, మేస్త్రీ ఖాళీ ఎక్కడుంటే అక్కడ, అంటే బోరు పక్కనే, గుంత తీస్తాడు. దోమలని కిటికీ మూస్తే పొగ మొత్తం లోపలే. కాబట్టి ఒకటి బాగుచేసేటప్పుడు ఇంకోటి చెడిపోకుండా ఎలా చేయాలి అన్నదే ఈ పోస్ట్ మొత్తం.

మొదట కాగితం మీద ఇల్లు గీయండి

నవ్వకండి, ఇదే అన్నిటికంటే ముఖ్యం. తెల్ల కాగితం మీద ఇల్లు, పెరడు గీసి బోరు, బావి, దొడ్డి గుంత, స్నానాల గది, అంట్లు తోమే చోటు, పశువుల కొట్టం, పెంటకుప్ప, వంటిల్లు అన్నీ గుర్తు పెట్టండి. పక్కింటోళ్ళ గుంత కూడా గీయాలి, ఎందుకంటే వాళ్ళ గుంత మీ బోరుకి మీ గుంత కంటే దగ్గర ఉండొచ్చు. వాన పడినప్పుడు నీళ్ళు ఎటు పారతాయో బాణం గుర్తు వేయండి. బోరు ఎగువన, గుంత దిగువన ఉండాలి, మధ్యలో కనీసం 10 మీటర్లు అంటే 33 అడుగులు, పెద్దవాళ్ళు నడిస్తే 13, 14 అంగలు పడాలి. ఈ కాగితం గీశాక చాలా ఇళ్ళల్లో ఏం చేయాలో వేరే వాళ్ళు చెప్పక్కర్లేదు, కళ్ళ ముందే కనిపిస్తుంది.

పొగ: గ్యాస్ ఉన్న ఇంట్లో కూడా పోలేదు

ఇళ్ళల్లో వంట పొగ వల్ల 2020లో ప్రపంచమంతా కలిపి 32 లక్షల మంది చనిపోయారని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. మన దేశంలో పిఎం 2.5 అనే సన్న ధూళికి 24 గంటల సగటు పరిమితి ఘనమీటరు గాలికి 60 మైక్రోగ్రాములు, కట్టెల పొయ్యి మండుతున్న వంటింట్లో అది వందల్లోకి పోతుంది, ఆ పొగలోనే సంకలో పిల్లాడు ఉంటాడు.

మన దగ్గర సిలిండర్ లేని ఇల్లు ఇప్పుడు తక్కువే. ఉమ్మడి రాష్ట్రంలో 1999లోనే దీపం స్కీమ్ వచ్చింది, 2016లో ఉజ్వల, 2024లో ఆంధ్రాలో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు, తెలంగాణలో 500కి సిలిండర్. అయినా పొగ ఎందుకు పోలేదు? పెరట్లోకి వెళ్ళి చూడండి, నీళ్ళ పొయ్యి ఉంటుంది. స్నానాలకి కాగు, పశువులకి కుడితి, పప్పు, చారు, పండక్కి పిండివంటలు అన్నీ దాని మీదే. గ్యాస్ మీద టీ, పొద్దున టిఫిన్ అంతే. ఆడవాళ్ళని తప్పు పట్టే పని కాదు ఇది, పత్తి కట్టె, కంది కంప చేలో ఉచితంగా వస్తున్నప్పుడు సిలిండర్ దాచుకోవాలనే ఎవరైనా చూస్తారు.

కాబట్టి "కట్టెల పొయ్యి మానేయండి" అని చెప్పి లాభం లేదు, వరసగా ఇలా చేయండి.

ముందు, గ్యాస్ మీదకి ఏ వంట మార్చాలో తేల్చుకోండి. పప్పు ముందే నానబెట్టి కుక్కర్‌లో పెడితే గ్యాస్ ఖర్చు బాగా తగ్గుతుంది, పొయ్యి మీద గంట ఉడికే పప్పుకి అయ్యే పొగ మొత్తం పోతుంది. అన్నం గిన్నెకి మూత పెట్టడం కూడా లెక్కే. స్నానాల నీళ్ళకి నల్ల రంగు వేసిన డ్రమ్ము డాబా మీద ఎండలో పెడితే మన ఎండలకి ఎక్కువ నెలలు సరిపోతాయి, చలికాలం మాత్రం కుదరదు, పొద్దున్నే స్నానం చేసేవాళ్ళకీ కుదరదు.

తర్వాత, మిగిలిన కట్టెల పొయ్యిని బయటికి తేవాలి. వెనక వసారాలోనో, పైన రేకు వేసి రెండు వైపులా తెరిచి ఉన్న పందిట్లోనో. ఇక్కడ ఒక విషయం చాలామంది గమనించరు. పాత పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి పొగ పోయేది, కాలనీ ఇళ్ళకి స్లాబ్ వేశాక పొగకి దారే లేదు. స్లాబ్ ఇంట్లో లోపల కట్టెలు మండిస్తే పెంకుటింటి కంటే ఘోరం. లోపలే వండక తప్పదు అంటే పొయ్యికి పైన, కప్పుకి ఆనుకుని ఎదురెదురు గోడలకి రెండు గవాక్షాలు కొట్టించండి, కిందున్న కిటికీ ఒక్కటే చాలదు, ఎందుకంటే వేడి పొగ పైకే పోతుంది. దోమలకి ఆ గవాక్షాలకి జాలీ బిగించండి, గుడ్డలు కుక్కకండి.

దోమల మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా, ఒక్క మస్కిటో కాయిల్ కాలితే వచ్చే సన్న ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో ఒక స్టడీ వచ్చింది. పొయ్యి బయట పెట్టి రాత్రి తలుపులేసుకుని కాయిల్ వెలిగిస్తే మనం చేసిన పని ఏముంది, దోమతెర కొనండి.

పొగగొట్టం పొయ్యి గురించి. ఇది మనకి కొత్త కాదు, 1950ల మొదట్లోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ ల్యాబ్‌లో ఎస్.పి. రాజు గారు పేదల ఇళ్ళ కోసం పొగ రాని మట్టి పొయ్యి తయారుచేశారు. తర్వాత 1980ల్లో సర్కారు దేశమంతా ఇలాంటి పొయ్యిలు పంచింది. ఎక్కువ చోట్ల ఎందుకు నిలబడలేదంటే గొట్టంలో మసి పేరుకుంటే దులిపేవాళ్ళు లేరు, పగిలితే మెత్తేవాళ్ళు లేరు. ఒడిశాలో కొన్నేళ్ళ పాటు చేసిన ఒక పెద్ద స్టడీలో కూడా మొదటి ఏడాది పీల్చే పొగ తగ్గి తర్వాత తేడా లేకుండా పోయిందని తేలింది. మీరు పెట్టించుకుంటే గొట్టం కప్పు మీద రెండు మూడు అడుగులు పైకి ఉండాలి, పైన వాన పడకుండా టోపీ ఉండాలి, నెలకోసారి కర్రకి గోనె గుడ్డ చుట్టి లోపల దులపాలి. తాటాకు ఇంటికి రేకు గొట్టం వద్దు, నిప్పంటుకుంటుంది.

కట్టెలు ఆరినవా లేదా అన్నది ఈజీగా తెలుస్తుంది, రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే టంగుమని మోగాలి. బద్దుమని చప్పుడొస్తే పచ్చి, అది మంట కంటే పొగే ఎక్కువ ఇస్తుంది. వానాకాలానికి సరిపడా ఎండాకాలంలోనే చీల్చి రేకుల కింద పేర్చుకోండి. ప్లాస్టిక్ కవర్లతో పొయ్యి రాజేయడం మాత్రం ఇవాళే మానేయండి. నాలుగైదు గేదెలున్న ఇంటికి గోబర్ గ్యాస్ కూడా ఆలోచించదగ్గదే, 25 కిలోల పేడకి సుమారు ఒక ఘనమీటరు గ్యాస్, కానీ రోజూ పేడ కలిపి పోసే మనిషి ఉంటేనే, లేకపోతే ఏడాదికే మూలన పడుతుంది.

నీళ్ళు: టీడీఎస్ మీటర్ చూసి మోసపోకండి

ఇదొక పిచ్చి పట్టింది ఊర్లలో. వాటర్ ప్లాంట్ వాడు పెన్ను లాంటి మీటర్ ముంచి నంబర్ చూపిస్తాడు, నంబర్ తక్కువుంటే మంచి నీళ్ళు అంటాడు. ఆ మీటర్ నీళ్ళలో కరిగిన లవణాలు మొత్తం ఎంత అని మాత్రమే చెప్తుంది. అందులో మలం కలిసిందా, ఫ్లోరైడ్ ఎంతుంది అన్నది దానికి తెలీదు. పప్పు ఉడక్కపోవడం, గిన్నెకి తెల్ల పొర కట్టడం ఉప్పదనం, గట్టిదనం, అది చిరాకే కానీ ప్రాణం తీసేది కాదు. ప్రాణం తీసేవి కంటికి కనపడవు, నోటికి తెలియవు.

అందుకని మొదటి స్టెప్ టెస్ట్. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊర్లో ఐదుగురు ఆడవాళ్ళకి ఫీల్డ్ టెస్ట్ కిట్ వాడటం నేర్పించాలని రూల్ ఉంది, మీ పంచాయతీలో ఆ ఐదుగురు ఎవరో సెక్రటరీని అడగండి. ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివి అక్కడే చూడొచ్చు. క్రిములకి ఒక చిన్న సీసా వస్తుంది, నీళ్ళు పోసి మూతేసి ఇంట్లోనే ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. గట్టిగా తెలియాలంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ళ ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబ్‌కి పంపించండి. వానలకి ముందు ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేయించండి, ఎండాకాలంలో బాగున్న బోరు ఆగస్టులో చెడుతుంది.

ఫ్లోరైడ్ సంగతి వేరే. మన ప్రమాణం ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా పర్వాలేదు, వేరే నీళ్ళు అస్సలు లేకపోతే 1.5 వరకు. అంతకు మించి ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బు వస్తుంది, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో దీని గురించి 1937లోనే డాక్టర్లు రాశారు, నల్గొండ సంగతి నేను చెప్పక్కర్లేదు. గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. బ్లీచింగ్‌తో పోదు, మామూలు క్యాండిల్ ఫిల్టర్‌తో పోదు. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి ఒకటి కేంద్ర పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970ల్లో తయారుచేసింది, పేరే నల్గొండ టెక్నిక్, టాంజానియా దాకా వెళ్ళింది. కానీ పటిక ఎంత వేయాలన్నది మీ నీళ్ళ ఫ్లోరైడ్‌ని, క్షారాన్ని బట్టి మారుతుంది, అందాజాగా వేస్తే అల్యూమినియం మిగులుతుంది, సో ల్యాబ్ వాళ్ళు డోసు చెప్పకుండా ఇంట్లో చేయకండి. ఫ్లోరైడ్ ఉన్న ఊర్లో తాగడానికి, వంటకి సర్కారు మిషన్ భగీరథ నల్లా లాంటి నది నీళ్ళు వాడుకోవడం, అది రాకపోతే ఆర్‌ఓ, బోరు నీళ్ళు స్నానానికి, బట్టలకి. వంటకి కూడా అని ఎందుకంటున్నానంటే తాగడానికి క్యాన్ తెచ్చుకుని అన్నం, పప్పు, చారు మాత్రం బోరు నీళ్ళతో వండే ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఇక క్రిములు. నీళ్ళు మురికిగా ఉంటే ముందు తేర్చాలి, ఇండుప గింజ సాన మీద అరగదీసి కలపడం మన పాత పద్ధతే, పటిక ముక్క తిప్పినా పర్లేదు. తర్వాత పాత కాటన్ చీర నాలుగైదు మడతలేసి వడకట్టండి. పాతదే ఎందుకంటే ఉతికి ఉతికి నూలు పొంగి సందులు సన్నబడతాయి. బంగ్లాదేశ్‌లో ఇలా చీరతో వడకట్టిన ఊర్లలో కలరా 48 శాతం తగ్గిందని 2003లో తేలింది. అయితే అన్ని క్రిములూ పోవు, చీర మొదటి మెట్టే.

చంపడానికి మూడు దారులు. కాచడం, అంటే తెర్లి బుడబుడమంటే చాలు, అరగంట మరిగించక్కర్లేదు, గ్యాస్ ఉన్నవాళ్ళకి ఇది ఓకే. కట్టెల మీదైతే మాత్రం పొగ తింటూ కాచే బదులు క్లోరిన్ బిళ్ళ వేసుకోండి, కవర్ మీద ఎన్ని లీటర్లకి అని ఉంటుంది, అరగంట ఆగి తాగాలి. మూడోది ఎండ. రంగు లేని, గీతలు పడని రెండు లీటర్ల లోపు కూల్‌డ్రింక్ బాటిల్లో తేట నీళ్ళు నింపి రేకు మీద పడుకోబెట్టి పొద్దున్నుంచి 6 గంటలు, మబ్బుంటే రెండు రోజులు. పొలం పనికి వెళ్ళేవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది, ముందు రోజు పెట్టుకుంటే పైసా ఖర్చు లేదు.

బావి ఉన్నవాళ్ళు బ్లీచింగ్ ఎలా వేస్తారో చూస్తే బాధేస్తుంది, పొడి తెచ్చి గుప్పెడు విసిరేస్తారు. పద్ధతి ఇదీ. బావి అడ్డం, నీళ్ళ లోతు మీటర్లలో కొలవండి, అడుగుల్లో ఉంటే 3.3తో భాగించండి. అడ్డాన్ని అడ్డంతో హెచ్చవేసి, దాన్ని లోతుతో, దాన్ని 3.14తో హెచ్చవేసి నాలుగుతో భాగిస్తే ఎన్ని వేల లీటర్లో వస్తుంది. 3 మీటర్ల అడ్డం, 4 మీటర్ల నీళ్ళు అయితే సుమారు 28 వేల లీటర్లు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ చొప్పున 70 గ్రాములు. దాన్ని ప్లాస్టిక్ బకెట్లో కొంచెం నీళ్ళతో ముద్దలా కలిపి, బకెట్ ముప్పావు వరకు నీళ్ళు పోసి తిప్పి, ఐదు పది నిమిషాలు వదిలేస్తే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేటని ఇంకో బకెట్లోకి వంచుకుని తాడుతో బావిలో నీళ్ళ మట్టం కిందకి దించి పైకీ కిందకీ లాగుతూ కలిసేలా ఆడించండి. అడుగున మిగిలిన సున్నం బావిలో పోయకండి, నీళ్ళు గట్టిపడతాయి. గంట తర్వాత తోడుకోవచ్చు, సాయంత్రం వేసి పొద్దున తోడుకుంటే ఇంకా మంచిది. పొడి పాతదై వాసన పోయిందంటే పవర్ పోయినట్టే.

ఇంత చేశాక బిందెలో చెయ్యి పెడితే అంతా పాయె. గ్లాసు ముంచినప్పుడు వేళ్ళు నీళ్ళలో మునుగుతాయి, చంటిపిల్లాడి ముడ్డి కడిగి వచ్చిన వేళ్ళు కూడా అవే. కింద కుళాయి ఉన్న డ్రమ్ము కొనండి, లేదా పొడుగు కాడ గరిటె పెట్టి, వాడాక బిందె మీద కాదు, గోడకి మేకు కొట్టి తగిలించండి. 20 లీటర్ల క్యాన్ కూడా కడగకపోతే లోపల పాచి పడుతుంది, ప్లాంట్ వాడు కడుగుతున్నాడో లేదో ఒకరోజు నిలబడి చూడండి.

మరుగుదొడ్డి: గోడలు కాదు, గుంత చూడండి

స్వచ్ఛ భారత్ కింద 12,000 ఇచ్చారు, దొడ్లు లేచాయి, కొన్నిట్లో ఇప్పుడు పిడకలు, ఎరువు బస్తాలు ఉన్నాయి. వాడకపోవడానికి బద్ధకం అని సర్టిఫికెట్ ఇచ్చేస్తారు గానీ చాలా ఇళ్ళల్లో అసలు భయం "గుంత నిండిపోతే ఎవరు తీస్తారు" అని. అందుకే మగవాళ్ళు చెంబు పట్టుకుని పొలం వైపు పోతారు, దొడ్డి ఆడవాళ్ళకి, రాత్రిపూటకి అని పక్కన పెడతారు. ఈ భయానికి సమాధానం రెండు గుంతల దొడ్డి.

ఐదారుగురున్న ఇంటికి ఒక్కో గుంత మీటరు వెడల్పు, మూడున్నర నాలుగు అడుగుల లోతు చాలు. చిన్నదనిపిస్తుంది కానీ నీళ్ళు, గ్యాసు మట్టిలోకి ఇంకిపోతాయి, మిగిలేది కొంచెమే. లోపల ఇటుకల మధ్య సందులు వదిలి కట్టాలి, అడుగు మట్టిగానే వదిలేయాలి, రెండు గుంతల మధ్య మీటరు దూరం. బేసిన్ నుంచి వచ్చే పైపు ఒక చిన్న గదిలోకి వచ్చి రెండుగా చీలుతుంది, అక్కడ ఒక దారి ఇటుకతో మూసేయాలి. మేస్త్రీలు చేసే పని ఏంటంటే రెండూ తెరిచి వదిలేస్తారు, రెండూ ఒకేసారి నిండుతాయి, ఇక రెండు గుంతలు తీసి లాభమేంటి. ఆ గది మూత తెరిపించి మీ కళ్ళతో చూసి డబ్బులివ్వండి.

ఒకటి నిండాక, మామూలుగా మూడేళ్ళు పైనే పడుతుంది, దారి మార్చి దాన్ని ఏడాదిన్నర, రెండేళ్ళు ముట్టుకోకుండా వదిలేస్తే లోపల వాసన లేని నల్లమట్టి అవుతుంది, చెట్లకి వేసుకోవచ్చు. సెప్టిక్ ట్యాంక్ అలా కాదు, రక్షణ సామగ్రి లేకుండా దాంట్లోకి మనిషిని దించి తీయించడం 2013 చట్టం ప్రకారం నేరం, పైగా లోపల గ్యాస్‌కి ఊపిరాడక చనిపోతారు. మన దగ్గర సెప్టిక్ ట్యాంక్ అని పేరు పెట్టి దాని పైపు వీధి కాలవలోకి వదిలేస్తారు చూడండి, అది ఊరందరి ముందు బయటికి వెళ్ళినట్టే, కాకపోతే పైపులో.

15, 20 అడుగులు లోతు తీసి సిమెంట్ వరలు దించితే "ఇరవై ఏళ్ళు నిండదు" అని మురిసిపోతారు. నిండకపోవడానికి కారణం అది భూమిలో నీళ్ళని తాకడం, ఆ నీళ్ళే బోర్లో వస్తాయి. గుంత అడుగుకీ వానాకాలపు నీటి మట్టానికీ మధ్య కనీసం 2 మీటర్లు ఉండాలి. గోదావరి, కృష్ణా డెల్టాలో నాలుగడుగులకే నీళ్ళు పడే చోట గుంతని నేల మీదకి లేపి చుట్టూ మట్టి దిబ్బ పోయాలి. నల్లరేగడి నేల అయితే నీళ్ళు ఇంకవు కాబట్టి గుంత గోడ బయట చుట్టూ అడుగు మందాన ఇసుక, కంకర నింపించండి.

బేసిన్ కొనేటప్పుడు పట్నం రకం వద్దు, వాలు ఎక్కువున్న రూరల్ ప్యాన్ అడగండి, లీటరున్నర రెండు లీటర్లకే పోతుంది, నీళ్ళు మోసుకొచ్చే ఇంట్లో ఇదే ముఖ్యం. స్నానాల నీళ్ళు, యాసిడ్, ప్యాడ్లు ఆ గుంతలోకి పోనివ్వకండి.

ఇంకోటి, చంటిపిల్లల మలం "పాలు తాగే పిల్లాడిది ఏం కాదులే" అని కాలవలోనో పెంటమీదో పారేస్తారు. అందులోనూ జబ్బు క్రిములు ఉంటాయి, దాన్ని కూడా ప్యాన్‌లోనే పోయాలి.

వాడిన నీళ్ళు, చేతులు

అంట్లు, స్నానాల నీళ్ళు వాకిట్లో నిలిస్తే దోమ, దోమకి కాయిల్, కాయిల్‌కి పొగ, మళ్ళీ మొదటికే. మీటరు పొడవు, వెడల్పు, లోతుతో ఇంకుడు గుంత తీసి అడుగున పెద్ద రాళ్ళు, పైన కంకర, ఆ పైన చిన్న కంకర వేయండి. నీళ్ళు వచ్చి పడే చోట అడుగున చిల్లులు కొట్టిన కుండ పెట్టి అందులో కొబ్బరి పీచు కుక్కితే జిడ్డు, మెతుకులు అక్కడే ఆగుతాయి, పీచు వారానికోసారి మార్చుకోవాలి, లేదంటే గుంత పూడిపోతుంది. ఇది కూడా బావికి దూరంగానే. పక్కన అరటి పెట్టుకోండి.

సబ్బు దొడ్డి దగ్గరే ఉండాలి, ఇంట్లో అల్మారాలో ఉంటే ఎవరూ వెళ్ళి తెచ్చుకోరు. కుళాయి లేకపోతే వాటర్ బాటిల్ మూతకి మేకు కాల్చి నాలుగు చిల్లులు పెట్టి తలకిందులుగా వేలాడదీసి, నొక్కితే నీళ్ళు వస్తాయి, ఒక చెంబు నీళ్ళతో ఇంటిల్లిపాదీ చేతులు కడుక్కోవచ్చు. దొడ్డికెళ్ళాక, పిల్లాడికి కడిగాక, వండే ముందు, తినిపించే ముందు. సబ్బు అయిపోయిన రోజు పొయ్యిలోని బూడిద.

ఇన్ని చేసినా పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు శుభ్రమైన నీళ్ళలో కలపండి, చిటికెడు చిటికెడు గ్లాసులో కలిపితే పాళ్ళు తప్పుతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరుకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే చిన్నది, తల కొట్టి. జింక్ బిళ్ళలు ఆశా దగ్గర ఉచితం, విరేచనాలు ఆగినా 14 రోజులు వేయాలి. కళ్ళు గుంటలు పడినా, ఉచ్చ ఆగినా, రక్తం పడినా, పిల్లాడు మగతగా ఉన్నా ఇంట్లో చూసుకోకుండా పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి.

ఎప్పుడు ఏది

డబ్బు లేని పనులు ఈ వారంలోనే అయిపోతాయి: కాగితం గీయడం, గరిటె, మూత, చీర వడపోత, సబ్బు జాగా, పొయ్యి బయటికి జరపడం. నీళ్ళ టెస్ట్ రిపోర్ట్ రాకుండా ఫిల్టర్‌కో ఆర్‌ఓకో రూపాయి పెట్టకండి. గుంతల పని మే నెలలో, నేల ఎండి ఉన్నప్పుడు, వానలు మొదలయ్యాక తవ్వితే కూలిపోతుంది. దొడ్డి కొత్తగా కడుతున్నా, పాత గుంత మారుస్తున్నా పక్కింటివాళ్ళని కూడా పిలిచి ఆ కాగితం చూపించండి, రెండిళ్ళ బోర్లు, రెండిళ్ళ గుంతలు కలిపి జాగా తేల్చుకోవాలి. మీ ఒక్కరి ఇంట్లోనే 33 అడుగులు పాటించి, గోడ అవతల వాళ్ళ గుంత మీ బోరుకి పదడుగుల్లో ఉంటే మీ ఖర్చంతా దండగే. మాట కుదరకపోతే రెండు బోర్ల టెస్ట్ రిపోర్టులు తీసుకుని గ్రామసభలో పెట్టండి, నోటి మాట కంటే ల్యాబ్ కాగితానికి సర్పంచ్ త్వరగా కదులుతాడు.